ముప్పై ఆరో నంబరు పన్ను



జీతం పడిన రోజు మన ఉద్యోగులు పే స్లిప్పులో ముందు చూసేది ఆఖరి అంకె. చేతికి ఎంతొచ్చిందీ అని. పైనున్న కోతల జోలికి పెద్దగా పోరు. జీపీఎఫ్ తెలుసు, ఏపీజీఎల్ఐ తెలుసు, వృత్తి పన్ను రెండొందలు తెలుసు. వాటి మధ్యలో ఈహెచ్ఎస్ అని ఇంకొకటి ఉంటుంది. చిన్న స్కేలు వాళ్లకు 225 రూపాయలు, పెద్ద స్కేలు వాళ్లకు 300. ఏడాదికి లెక్కేస్తే 2,700, లేదా 3,600. ఇది దేనికని ఎవరైనా అడిగితే "హెల్త్ కార్డుకు లే" అంటాం. ఆ కార్డు పంటికి పనికొస్తుందా అని అడిగి చూడండి, స్టాఫ్ రూములో నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. ఒకాయన రాదంటాడు. ఇంకొకాయన తన తోడల్లుడికి పైసా ఖర్చు లేకుండా చేశారంటాడు. మూడో ఆయన బిల్లులు పెట్టుకుంటే ట్రెజరీ నుంచి వస్తుందంటాడు. నాలుగో ఆయన, ఇవన్నీ ఎందుకు గానీ ఒక లవంగం పెట్టుకో అంటాడు. లవంగం సంగతి పక్కన పెడితే, మిగతా ముగ్గురి మాటలోనూ కొంత కొంత నిజముంది. ఏ ముక్క ఎక్కడ నిజమో ఈ పూట చూద్దాం.

ముందు కార్డు సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగికి చాలా ఏళ్లపాటు ఉన్న ఒకే దారి 1972 నాటి వైద్య నిబంధనలు. ఆఫీసుల్లో వాటిని ఏపీఐఎంఏ రూల్స్ అంటారు. ముందు మన జేబులోంచి కట్టాలి, తర్వాత బిల్లు పెట్టుకోవాలి. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి అయిన ఆరు నెలల్లోగా దాఖలు. ఆ ఫైలు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పైకి, పైనుంచి అభ్యంతరంతో మళ్లీ కిందికి తిరిగేది. 2013 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగుల ఆరోగ్య పథకం, అదే ఈహెచ్ఎస్, ఉత్తర్వులు వచ్చాయి. అప్పట్లో ఉద్యోగి నెల చందా 90, 120 రూపాయలు. పథకం ఖర్చులో మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. విభజన తర్వాత తెలంగాణలో చాలా ఏళ్లు ఉద్యోగి నుంచి చందా తీసుకోకుండానే నడిపారు. మన దగ్గర చందా కొనసాగింది, పెరిగింది కూడా.

ఈ పథకాన్ని నడిపేది 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ట్రస్టే. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారుతూ వచ్చింది. ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు. ఆసుపత్రిలో మన కార్డు చూసే మనిషి ఒకప్పుడు ఆరోగ్యమిత్ర, ఇప్పుడు వైద్యమిత్ర. జనం నోట్లో రెండు పేర్లూ తిరుగుతున్నాయి. బోర్డు ఏదైనా కుర్చీ అదే.

కడప జిల్లా రాజుపాలెం మండలంలో హైస్కూలు టీచరమ్మకైనా, వెల్లాల సంజీవరాయుడి గుడి దారిలో ఉండే సచివాలయ ఉద్యోగికైనా ఇదే కార్డు. 2020 జనవరిలో ఆర్టీసీ ప్రభుత్వంలో కలిసిన తర్వాత ప్రొద్దుటూరు డిపో డ్రైవరు, కండక్టరు కూడా దీని కిందికే వచ్చారు. పెన్షన్ తీసుకునే పెద్దలకూ, ఫ్యామిలీ పెన్షనర్లకూ ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకరి జీతంలో కోత పడితే చాలు. ఇద్దరికీ పడుతూ ఉంటే ఇవాళే జీతం బిల్లు చేసే డీడీఓ గారికి ఒక అర్జీ రాసివ్వండి.

ఇక అసలు తిరకాసు దగ్గరికొద్దాం. మనం దీన్ని బీమా అనుకుంటాం. దీని వెనక బీమా కంపెనీ లేదు, పాలసీ కాగితం లేదు. ఒక జాబితా ఉంది. ఫలానా జబ్బుకు ఫలానా చికిత్స, దానికి ఇంత ధర అని. దాన్ని ప్యాకేజీ అంటారు. ఆ జాబితాలో మీ చికిత్స పేరు ఉండాలి, ఆ చికిత్సకు ట్రస్టు గుర్తింపు పొందిన ఆసుపత్రి అయ్యుండాలి, చికిత్స మొదలు కాకముందే ట్రస్టు నుంచి అనుమతి రావాలి. ఈ మూడూ కుదిరితే ట్రస్టు నేరుగా ఆసుపత్రికి డబ్బు కడుతుంది. ఒక్కటి తప్పినా మీరు మామూలు పేషెంటే.

గుర్తింపు అనేది ఆసుపత్రి మొత్తానికీ ఒక్కటే కాదు, విభాగాన్ని బట్టి ఇస్తారు. గుండెకు గుర్తింపున్న పెద్దాసుపత్రిలో ఒక మూల పళ్ల డాక్టరు గది ఉండొచ్చు. ఆ గదికి కార్డు చెల్లుతుందని అనుకోవడానికి లేదు. చిన్న వీధిలో ఉన్న పళ్ల ఆసుపత్రికి దంత విభాగం గుర్తింపు ఉండనూ వచ్చు. అందుకే బోర్డు చూసి లోపలికి పోకండి. 104కు ఫోన్ చేసి "దంత విభాగానికి ప్రొద్దుటూరులో ఏవేవి ఉన్నాయి, కడపలో ఏవేవి ఉన్నాయి" అని అడగండి. ఈ జాబితా మారుతూ ఉంటుంది. పోయిన ఏడాది మీ సహోద్యోగి చేయించుకున్న చోట ఈ ఏడాది లేకపోవచ్చు.

మరి బిల్లులు పెట్టుకునే పాత దారి? దాని అల్లికంతా మంచం చుట్టూ ఉంది. అడ్మిషను, డిశ్చార్జి, మధ్యలో ఎన్ని రోజులున్నారు. పన్ను నొప్పికి ఎవరూ అడ్మిట్ చేసుకోరు. దవడ వాచి, జ్వరమొచ్చి, నోరు తెరవలేని స్థితి వస్తే తప్ప మంచం ఇవ్వరు. కుర్చీలో వెనక్కి వాలి, గంట తర్వాత దూది కొరుక్కుంటూ బస్సెక్కి వచ్చేవాడికి డిశ్చార్జి సమ్మరీ ఎవరిస్తారు? నేను ఆఫీసులో బిల్లులు చూసిన రోజుల్లో పంటి బిల్లుల మీద పడినన్ని అభ్యంతరాలు ఇంకే బిల్లు మీదా పడలేదు. ఉద్యోగి తప్పేమీ ఉండదు. నిబంధన రాసినవాడి కళ్ల ముందున్నది ఆపరేషన్ థియేటరు, పళ్ల కుర్చీ కాదు. మూడో ఆయన మాటలో నిజం ఎంతంటే, దారి ఉంది గానీ అది పంటి కోసం వేసింది కాదు. ఆ దారిన పోదలచుకుంటే చికిత్సకు ముందే డీడీఓ ఆఫీసులో అడిగి, ఏ కాగితాలు కావాలో రాయించుకుని పోండి.

బయట కొనుక్కునే ఆరోగ్య బీమా పాలసీ ఉంది కదా అంటారేమో. మామూలు పాలసీల్లో దంత చికిత్స మినహాయింపుల్లో ఉంటుంది. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప ఇవ్వరు. ఈ తేడా ఈహెచ్ఎస్‌లో కూడా గుర్తుపెట్టుకోవాల్సిందే. జమ్మలమడుగు రోడ్డు మీద బండి జారి దవడ ఎముక విరిగితే అది ప్రమాదం కింద పోతుంది, పళ్ల లెక్కలోకి రాదు. నోట్లో పుండు మానక, పరీక్షలో క్యాన్సరని తేలితే అది క్యాన్సరు విభాగం. రెండింటికీ దారి వేరు, ఆసుపత్రి వేరు. గుట్కా, పాన్ అలవాటున్న వాళ్ల నోట్లో తెల్లమచ్చో, మానని పుండో రెండు వారాలు దాటి ఉంటే పళ్ల డాక్టరుకు చూపించాల్సిందే. నోటి క్యాన్సరును చాలాసార్లు మొదట పట్టుకునేది ఆయనే.

ఇప్పుడు కుర్చీ దగ్గరికి పోదాం. పుచ్చిన పన్నుతో మీరు పోయారు. డాక్టరు చిన్న అద్దం పెట్టి చూశాడు, ఎక్స్‌రే తీశాడు, కాగితం మీద రాశాడు: "36, ఆర్‌సీటీ". ఆర్‌సీటీ అంటే రూట్ కెనాల్ అని అందరికీ తెలుసు. ఆ 36 ఏమిటి? రేటనుకుని కంగారు పడిన వాళ్లున్నారు. అది పన్ను నంబరు.

రేడియో దగ్గర కూర్చున్న వాళ్లంతా ఒక్క నిమిషం నోరు మూసుకుని నాలుక కదిలించండి. నోటిని నాలుగు భాగాలు చేసుకోండి. పై దవడ కుడివైపు ఒకటి, పై దవడ ఎడమవైపు రెండు, కింది దవడ ఎడమవైపు మూడు, కింది దవడ కుడివైపు నాలుగు. కుడి, ఎడమ అంటే మీవే, డాక్టరువి కాదు. ఒక్కో భాగంలో మధ్యనుంచి వెనక్కి ఎనిమిది పళ్లు. ఇప్పుడు కింది దవడలో నట్టనడుమ నుంచి నాలుకను ఎడమకు జరపండి. ముందు పళ్లు ఒకటి, రెండు. కోరపన్ను మూడు. చిన్న దవడ పళ్లు నాలుగు, ఐదు. ఆ తర్వాత వెడల్పుగా తగిలేది ఆరోది. మూడో భాగం, ఆరో పన్ను. అదే 36. దానికి ఎదురుగా కుడివైపు ఉండేది 46. ప్రపంచంలో చాలా దేశాల్లో పళ్ల డాక్టర్లు ఇదే లెక్క వాడతారు.

ఈ ఆరో పళ్ల కథ కొంచెం చెప్పాలి. పాపకో, బాబుకో ఆరేళ్లప్పుడు, ఒక్క పాలపన్నునూ ఊడగొట్టకుండా, అన్నిటికీ వెనక నిశ్శబ్దంగా మొలుస్తాయివి. ఊడింది ఏదీ లేదు కాబట్టి ఇవీ పాలపళ్లే, ఎట్లయినా ఊడిపోతాయి అనుకుంటారు తల్లిదండ్రులు. పుచ్చినా పట్టించుకోరు. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్లు. నలభై ఏళ్ల టీచరు నోట్లో పాడైపోయిన 36 చాలాసార్లు ఆయన మూడో తరగతిలో ఉన్నప్పుడు మొదలైన పుచ్చే. ఈ కార్డులో పిల్లలు కూడా ఉన్నారు, ఆ వయసులోనే చూపించడానికి.

నంబరు తెలిస్తే మీకు ఒరిగేదేమిటంటే, అనుమతి కోసం ఆసుపత్రి వాళ్లు ట్రస్టుకు పంపేది ఈ నంబరే, దాంతో పాటు ఎక్స్‌రే, ఫోటో. ట్రస్టు డాక్టరు చూసి సరే అంటేనే పని మొదలు. మీ చేత సంతకం పెట్టించుకునే కాగితం మీద ఏ నంబరు రాశారో చూడండి. నొప్పి పుట్టేది 36 అయితే అక్కడ 36, 37, 46 అని మూడు ఉంటే, "సార్, ఈ రెండు దేనికి?" అని అడగండి. నిజంగానే అవి కూడా పుచ్చి ఉండొచ్చు, డాక్టరు ఎక్స్‌రేలో చూపిస్తాడు. అడిగినందుకు ఎవరూ కోప్పడరు. చికిత్స అయ్యాక సంతృప్తి పత్రం మీద ఇంకో సంతకం ఉంటుంది. దాన్ని మొదటి రోజే పెట్టేసి పోవడం మనవాళ్లకు అలవాటు, మళ్లీ ఎవరొస్తారులే అని. రూట్ కెనాల్ రెండు, మూడు సిట్టింగులు పడుతుంది. ఆఖరి సిట్టింగు అయ్యేదాకా ఆ సంతకం పెట్టకండి.

రూట్ కెనాల్లో ఏం చేస్తారో తెలిస్తే ఇంకో ప్రశ్న కూడా మీకే తడుతుంది. పంటి పైన గట్టి ఎనామెల్, దాని కింద డెంటిన్, నడిమధ్య మెత్తటి గుజ్జు. అందులో నరం, రక్తనాళాలు. పుచ్చు ఎనామెల్లో ఉన్నంతసేపు నొప్పే తెలియదు. డెంటిన్లోకి దిగితే చల్లనీళ్లు జివ్వుమంటాయి. గుజ్జును ముట్టిందంటే రాత్రి నిద్రుండదు. మొదటి రెండు దశల్లో ఫిల్లింగుతో పోయే పని, మూడో దశలో రూట్ కెనాల్ అవుతుంది. 36కు మామూలుగా రెండు వేర్లు, వాటిలో మూడు కాలువలు, ఒక్కోసారి నాలుగు. సన్నటి ఫైళ్లతో ఒక్కో కాలువనూ శుభ్రం చేసి, ఆ ఖాళీని నింపి మూసేస్తారు. నొప్పి పోతుంది. కానీ అప్పటికే పంటి గోడలు పల్చబడి ఉంటాయి. ఆ పన్నుతో చెరుకు, కజ్జికాయ కొరికితే నిలువునా చీలొచ్చు. అందుకే దవడ పన్నుకు రూట్ కెనాల్ తర్వాత పైన తొడుగు వేస్తారు. మనం క్యాప్ అంటాం.

స్టాఫ్ రూములో మొదటి ఆయనకూ రెండో ఆయనకూ పేచీ వచ్చేది ఇక్కడే. "అంతా ఉచితం" అన్నాయన తోడల్లుడికి అనుమతి వచ్చిన దశ ఒకటి. "కార్డు చెల్లలేదు, డబ్బు కట్టించుకున్నారు" అన్నాయన కట్టింది ఇంకో దశకు. పంటి వైద్యం ఒక్క పని కాదు, పనుల వరుస. కాబట్టి "పంటికి కార్డు వర్తిస్తుందా?" అని అడిగితే సరైన జవాబు రాదు. వైద్యమిత్ర దగ్గర ఇట్లా అడగండి: "నా 36కు రూట్ కెనాల్ ప్యాకేజీలో ఉందా? క్యాప్ అందులోనే కలిసుందా, విడిగానా? విడిగా అయితే దానికీ ఇప్పుడే అనుమతి అడుగుతారా? నేను చేతి నుంచి కట్టాల్సింది ఏమైనా ఉందా, ఉంటే దేనికి?" జవాబును చీటీ మీద రాయించుకోండి. క్యాపుల్లో లోహం, పింగాణీ, జిర్కోనియా అని రకాలు, ధరలు వేరు. ఏ రకం ప్యాకేజీలో వస్తుందో, ఏది మనం కోరి వేయించుకునేదో అక్కడే తేల్చుకోవాలి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ఊరు కాబట్టి చెబుతున్నా, వెనకటికి తాతలు వేయించుకున్న బంగారు పన్ను ఏ ప్యాకేజీలోనూ దొరకదు.

ఇది మనకొక్కరికే ఉన్న చిక్కు కాదు. అమెరికాలో పళ్ల బీమా పుట్టిందే పంటి వైద్యం వేరు లెక్క అని గ్రహించిన కార్మికుల వల్ల. 1954లో పడమటి తీరం ఓడరేవు కార్మికుల సంఘం తమ పిల్లల పళ్ల కోసం పట్టుబట్టింది. అక్కడి దంత వైద్యుల సంఘాలు దానికోసం పెట్టిన సంస్థల నుంచే డెల్టా డెంటల్ పుట్టింది. ఇప్పుడక్కడ వాడుకలో ఉన్న లెక్క వంద, ఎనభై, యాభై. పరీక్ష, క్లీనింగు లాంటి వాటికి నూరు శాతం, ఫిల్లింగు వంటి వాటికి ఎనభై, క్యాప్, బ్రిడ్జి లాంటి వాటికి యాభై. ఏడాదికి వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల దగ్గర గీత గీసేస్తారు. అమెరికాలో ఉన్న మన కడప పిల్లలు సెలవుల్లో ఊరికొచ్చి పళ్ల డాక్టరు దగ్గర వరుసలో కూర్చుంటున్నారంటే కారణం ఆ గీతే. ఆ దేశపు ఫెడరల్ ఉద్యోగులకు 2006 చివర్లో వచ్చిన దంత పథకంలో ప్రీమియం మొత్తం ఉద్యోగే కట్టుకోవాలి. పక్కనున్న కెనడాలో ఫెడరల్ ఉద్యోగుల దంత పథకానికి ప్రీమియం పూర్తిగా ప్రభుత్వానిదే. అక్కడ కూడా సాధారణ చికిత్సకు 90 శాతం, క్యాప్ లాంటి పెద్ద పనికి 50 శాతం.

ఆ వంద, ఎనభై, యాభై వరుసలో నాకు నచ్చింది ఒక్కటే. ఏమీ కాని పంటిని చూడటానికి నూరు శాతం ఇవ్వడం. మన పథకం ఆపరేషన్ల కోసం పుట్టిన జాబితాలోంచి పెరిగింది. అందుకని పన్ను బాగా పాడయ్యాకే పథకంలో దానికి విలువ పెరుగుతుంది. ఏడాదికొకసారి పరీక్ష, అవసరమైతే క్లీనింగు అనేవి ఉద్యోగి హక్కుగా కార్డులో రాసుంటే, తర్వాత ట్రస్టు కట్టే రూట్ కెనాల్ ఖర్చులు ఎన్నో తగ్గుతాయి. ఉద్యోగ సంఘాలు పీఆర్‌సీ, డీఏ పట్టుకున్నంత గట్టిగా దీన్ని పట్టుకున్నట్టు నాకు కనబడలేదు.

అప్పటిదాకా దారి లేదా అంటే ఉంది. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి పోయేవాళ్లు పోతున్నారు. కడపలో రిమ్స్ ప్రాంగణంలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. విద్యార్థులు చేస్తారని కొందరు వెనకాడతారు. పక్కన ప్రొఫెసరు నిలబడి చూస్తాడు. తొందర ఉండదు. టైము మాత్రం పడుతుంది, ఒక పూట సెలవు పెట్టుకుని పోవాలి.

పులివెందుల వైపు కొన్ని ఊళ్ల వాళ్లకు ఇంకో సమస్య, పళ్ల మీద గోధుమరంగు చారలు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చేవి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, మన పక్కనే, అప్పటి నెల్లూరు జిల్లాలో. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. ఈ చారలు పోగొట్టే చికిత్సను చాలా పథకాలు అందం లెక్కలో వేస్తాయి. జబ్బు కింద జమకట్టవు. పెళ్లికెదిగిన పిల్లకు అది అందమా, జబ్బా అన్నది ఆ జాబితా రాసేవాళ్లు కుర్చీలోంచి లేచి వచ్చి చూడాల్సిన సంగతి.

పెన్షనర్లకు ఒక మాట. షుగరున్న వాళ్లకు చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్లలో చీము ఉంటే షుగరు అదుపు తప్పుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. రక్తం పలుచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వేసుకుంటుంటే పన్ను తీయించుకునే ముందు ఆ చీటీ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మానేయకండి. గుండె డాక్టరు, పళ్ల డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి అది.

చివరగా, ఇంట్లో కాలేజీ చదివే కొడుకున్న వాళ్లకు. ఈ పథకంలో ఉద్యోగం లేని కొడుకు 25 ఏళ్ల లోపు వరకే మీ మీద ఆధారపడినవాడు. జ్ఞానదంతాలు, అంటే 18, 28, 38, 48 నంబర్ల పళ్లు, ఎక్కువగా పదిహేడు నుంచి పాతికేళ్ల మధ్య వస్తాయి. ఒక్కోసారి దవడలో చోటు చాలక అడ్డంగా మొలిచి ముందున్న ఏడో పన్నును పొడుస్తుంటాయి. పిల్లవాడు ఎప్పుడో ఒకసారి దవడ పట్టుకుని "నొప్పిగా ఉంది నాయనా" అంటాడు, రెండ్రోజుల్లో తగ్గితే మర్చిపోతాం. ఈసారి అన్నప్పుడు ముందు వాడి పుట్టినతేదీ చూసుకోండి. ఇరవై నాలుగు నడుస్తుంటే ఆ సెలవుల్లోనే ఎక్స్‌రే తీయించండి.